శిలలు – పుట్టుక, పరిణామం

ఖనిజాలు సహజంగా కలిసి గట్టిపడితే శిల అవుతుంది. కొన్ని శిలల్లో ఒకే ఖనిజం ఉంటుంది. శుద్ధమైన సున్నపురాయి దాదాపు అంతా కాల్సైటే. గ్రానైట్‌లో మూడు నాలుగు ఖనిజాలు విడివిడిగా కంటికే కనిపిస్తాయి. పుట్టిన తీరును బట్టి శిలలు మూడు తరగతులు. కరిగిన శిలాద్రవం చల్లారి గడ్డకడితే అది అగ్నిశిల. పాత రాళ్ల పొడి, జీవుల అవశేషాలు, నీటిలోంచి వేరుపడిన లవణాలు పొరలు పొరలుగా పేరుకుని బిగుసుకుంటే అవక్షేప శిల. ఉన్న శిలే కరగకుండా వేడికి, ఒత్తిడికి లోనై కొత్త ఖనిజాలుగానో కొత్త అమరికలోకో మారితే రూపాంతర శిల. బడి పుస్తకాల్లో ఈ మూడింటినీ మూడు వేరు జాతుల్లా చూపడం అలవాటు. నిజానికి అవి ఒకే పదార్థం వేర్వేరు కాలాల్లో గడిపే దశలు. ఇవాళ్టి ఇసుక నిన్నటి గ్రానైట్, రేపటి ఇసుకరాయి. అది ఇంకా లోతుకు దిగితే మరో శిలగా మారుతుంది, కరిగితే మళ్లీ శిలాద్రవమే.

ఈ మార్పులన్నిటికీ సాక్ష్యాలు ఒకే ప్రాంతంలో దొరకడం అరుదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలు ఈ విషయంలో అదృష్టమున్న నేలలు. తెలంగాణ, రాయలసీమల గ్రానైట్ గుట్టలు, కడప–కర్నూలు అవక్షేప శిలలు, తూర్పు కనుమల రూపాంతర శిలలు, పడమటి అంచున దక్కన్ లావా, గోదావరి లోయ బొగ్గు పొరలు, తీరాన డెల్టాలు వరుసగా ఉన్నాయి. వాటి మధ్య వయసు తేడా దాదాపు 250 కోట్ల ఏళ్లు.

గ్రానైట్

హైదరాబాదు గుట్టలు, గోల్కొండ కొండ, భువనగిరి కోట ఉన్న ఏకశిల, అన్నీ సుమారు 250 కోట్ల ఏళ్ల కిందట పుట్టిన గ్రానైట్‌లు. ఇప్పుడు ఎండలో మెరుస్తున్న ఈ రాయి నేలమీద పుట్టింది కాదు. కొన్ని కిలోమీటర్ల లోతున శిలాద్రవం ఇరుక్కుపోయి, చుట్టూ ఉన్న రాయి వేడిని బయటికి పోనివ్వక, లక్షల ఏళ్లపాటు చల్లారుతూ వచ్చింది. అంత నిదానంగా చల్లారితే అణువులకు వరుస కట్టే వ్యవధి దొరుకుతుంది కాబట్టి స్ఫటికాలు పెద్దవవుతాయి. గ్రానైట్‌లో గాజులా కనిపించేది పలుగురాయి, అంటే క్వార్ట్జ్. గులాబీ, తెలుపు రంగుల్లో ఉండేది ఫెల్డ్‌స్పార్. నల్లగా తళుక్కుమనేది బయొటైట్ అనే అభ్రకం. ఇదే ద్రవం నేలమీదికి పొంగి ఉంటే కంటికి ఆనని సన్నని రేణువులతో మరో శిల తయారయ్యేది.

శిలాద్రవం ఒక్కసారిగా గడ్డకట్టదు. ఏ ఖనిజం ముందు, ఏది తర్వాత గట్టిపడుతుందో 20వ శతాబ్దం తొలి దశాబ్దాల్లో నార్మన్ బోవెన్ వాషింగ్టన్ ప్రయోగశాలలో కొలిమి ప్రయోగాలతో తేల్చాడు. ఇనుము, మెగ్నీషియం ఎక్కువగా ఉన్న ఆలివిన్, పైరాక్సిన్ అధిక ఉష్ణోగ్రతలోనే గట్టిపడతాయి. క్వార్ట్జ్ చివరికి మిగులుతుంది. ముందు గట్టిపడినవి వేరుపడితే మిగిలిన ద్రవంలో సిలికా పాళ్లు పెరుగుతాయి. ఒకే శిలాద్రవం నుంచి నల్లని శిల, తెల్లని శిల రెండూ రాగలగడానికి కారణం ఇదే. అన్నిటికన్నా చివర మిగిలే ద్రవంలో నీరు చాలా ఎక్కువ. అందులో స్ఫటికాలు అసాధారణమైన పరిమాణానికి పెరుగుతాయి. పలకలుగా ఊడివచ్చే గూడూరు అభ్రకం అలాంటి పెగ్మటైట్ శిలల్లో దొరికిందే.

అయితే తెలంగాణ గ్రానైట్‌లో ఎక్కువ భాగం అంతకుముందున్న పటలమే, అంటే భూమి పైపొరే, మళ్లీ కరగగా వచ్చింది. గ్రానైట్ బండల్లో అక్కడక్కడ ఇరుక్కున్న నల్లని తునకలు, నైస్ అనే చారల రూపాంతర శిల ముక్కలు దానికి ఆనవాళ్లు. ఆ పాత పటలం జాడలు కర్ణాటక వైపు ఇంకా స్పష్టంగా ఉన్నాయి. అక్కడి కొన్ని నైస్ శిలల వయసు 300 కోట్ల ఏళ్లు దాటింది. అంటే మనం ‘ఆదిమ శిల’ అనుకునే గ్రానైట్ కూడా పాత సరుకు కరిగి మళ్లీ గట్టిపడినదే.

గ్రానైట్ గట్టిపడ్డాక పటలం పగిలినప్పుడల్లా ఆ పగుళ్లలోకి లోపలి నుంచి నల్లని ద్రవం ఎగదన్ని గోడల్లా గట్టిపడింది. ఇవే డోలరైట్ డైకులు. తెలంగాణ పటంలో ఇవి గీతలు గీసినట్టు కిలోమీటర్ల పొడవునా కనిపిస్తాయి. ఒక శిలను మరో శిల కోసుకుని పోతే కోసినది వయసులో చిన్నది. శిలల ముందువెనకలు తేల్చే సూత్రాల్లో ఇంత సులువైనది మరొకటి లేదు. డోలరైట్ సన్నని రేణువుల రాయి కాబట్టి నగిషీ పనికి బాగా లొంగుతుంది. 1213 నాటి రామప్ప గుడిలో గోడలకు ఎర్రటి ఇసుకరాయి వాడిన కాకతీయ శిల్పులు మదనికల కోసం నల్లని డోలరైట్‌నే ఎంచుకున్నారు. రాతి గుణం వాళ్లకు ఎంత బాగా తెలుసో ఆ ఎంపికే చెబుతుంది. ప్రకాశం జిల్లా చీమకుర్తిలో ‘బ్లాక్ గెలాక్సీ’ పేరుతో తవ్వి ఎగుమతి చేసే రాయిని వ్యాపారులు గ్రానైట్ అంటారు గానీ అది గాబ్రో అనే నల్లని అగ్నిశిల జాతిది. అందులో మెరిసే బంగారు చుక్కలు పైరాక్సిన్ స్ఫటికాలు.

శిల వయసును లెక్కించేందుకు గ్రానైట్‌లో ఉండే జిర్కాన్ అనే చిన్న ఖనిజం ఆధారం. అది స్ఫటికమయ్యేటప్పుడు కొద్దిగా యురేనియాన్ని ఇముడ్చుకుంటుంది, సీసాన్ని మాత్రం దాదాపు రానివ్వదు. యురేనియం–238లో సగం సీసంగా మారడానికి 447 కోట్ల ఏళ్లు పడుతుంది. కనుక ఇప్పుడు జిర్కాన్‌లో ఉన్న సీసాన్ని కొలిస్తే అది ఎప్పుడు పుట్టిందో తెలుస్తుంది. ఆస్ట్రేలియాలోని జాక్ హిల్స్‌లో దొరికిన జిర్కాన్‌లు సుమారు 440 కోట్ల ఏళ్లవి. భూమి వయసు 454 కోట్లు. ఆ జిర్కాన్‌లను కన్న శిల ఎప్పుడో అరిగిపోయింది, స్ఫటికాలు మాత్రం ఇసుకలో చేరి మిగిలాయి.

రాయి మట్టి కావడం

లోతున పుట్టిన గ్రానైట్ మీదున్న కిలోమీటర్ల మందం కొట్టుకుపోయి బయటపడేసరికి దానిమీది బరువు తగ్గిపోతుంది. అప్పుడు అది వ్యాకోచించి నిలువుగా, అడ్డంగా పగుళ్లిస్తుంది. ఆ పగుళ్లలోకి నీరు దిగుతుంది. మూలలకు రెండు మూడు వైపుల నుంచి నీరు తగులుతుంది కాబట్టి అవే ముందు కుళ్లుతాయి, దిమ్మ గుండ్రనవుతుంది. మధ్య మట్టి కొట్టుకుపోయాక గుండు మీద గుండు నిలబడిపోతుంది. హైదరాబాదు చుట్టుపక్కల ఎవరో పేర్చినట్టుండే రాళ్లన్నీ ఇలా నేలలోపలే చెక్కుడుపడి తర్వాత బయటపడినవే.

అసలు మార్పు రసాయనికం. వాన నీటిలో కరిగిన కార్బన్ డయాక్సైడ్ దాన్ని పలుచటి ఆమ్లంగా చేస్తుంది. ఆ ఆమ్లం ఫెల్డ్‌స్పార్‌ను బంకమట్టిగా మారుస్తుంది. సోడియం, పొటాషియం, కాల్షియం నీటిలో కరిగి సముద్రం చేరతాయి. బయొటైట్‌లోని ఇనుము తుప్పుపట్టి మట్టికి ఎరుపునిస్తుంది. క్వార్ట్జ్ మాత్రం దేనికీ లొంగక ఇసుకగా మిగులుతుంది. తెలంగాణ చెలక నేలలు ఇలా గ్రానైట్ కుళ్లగా వచ్చినవే. దక్కన్ లావా గట్టిపడిన బసాల్ట్‌లో క్వార్ట్జ్ లేదు, కాల్షియం, ఇనుము, మెగ్నీషియం ఎక్కువ. అది కుళ్లితే తడికి ఉబ్బి ఎండకు నెర్రెలిచ్చే నల్లరేగడి వస్తుంది. చెలకలో ఏ పైరు, రేగడిలో ఏ పైరు అన్న రైతు లెక్క చాలావరకు కింది శిలతో ముడిపడి ఉంది. వాన, ఎండ మరీ ఎక్కువగా ఉన్నచోట సిలికా కూడా కరిగిపోయి ఇనుము, అల్యూమినియం ఆక్సైడ్లే మిగులుతాయి. వికారాబాద్, జహీరాబాద్ పీఠభూముల లాటరైట్, తూర్పు కనుమల్లోని అనంతగిరి కొండల మీది బాక్సైట్ ఆ కోవలోవి.

పొరలు: కడప, కర్నూలు

మట్టి, ఇసుక నీటి వెంట వెళ్లి పల్లంలో పేరుకుంటాయి. ప్రవాహం జోరు తగ్గేకొద్దీ గులకలు ముందు, ఇసుక తర్వాత, ఒండ్రు చివర అడుగుకు చేరతాయి. పైన పొరలు పడుతున్నకొద్దీ కిందివి నొక్కుకుపోయి, రేణువుల సందుల్లోంచి నీరు బయటికి పోతుంది. మిగిలిన నీటిలోని సిలికా, కాల్సైట్, ఇనుప ఆక్సైడ్ సిమెంటులా రేణువులను అంటిస్తాయి. గులకల నుంచి కాంగ్లోమరేట్, ఇసుక నుంచి ఇసుకరాయి, బురద నుంచి షేల్ తయారవుతాయి.

కడప హరివాణం దీనికి దేశంలోనే గొప్ప ఉదాహరణల్లో ఒకటి. నెలవంక ఆకారంలో సుమారు 44,000 చదరపు కిలోమీటర్ల మేర విస్తరించిన ఈ పల్లంలో దాదాపు 190 కోట్ల ఏళ్ల కిందటి నుంచి అవక్షేపాలు చేరుతూ వచ్చాయి. వాటి మందం కొన్నిచోట్ల 10 కిలోమీటర్లకు మించుతుంది. అంత లోతైన సముద్రం అక్కడ ఎన్నడూ లేదు. పొరలు పడుతుంటే అడుగు నేల కుంగుతూ పోయింది, అందుకే నీటి లోతు తక్కువగా ఉన్నా పొరలు పడుతూనే ఉన్నాయి. అలల గుర్తులు, ఎండి పగిలిన బురద నెర్రెలు రాతిలో నిలిచి ఉండటమే దీనికి రుజువు. జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకు చెందిన విలియం కింగ్ 1872లో ప్రచురించిన నివేదిక ఈ శిలలకు తొలి క్రమబద్ధ వివరణ.

హరివాణం అడుగు ఎక్కడ మొదలైందో తిరుమల ఘాట్ రోడ్డు మీద చూడవచ్చు. కింద సుమారు 250 కోట్ల ఏళ్ల గ్రానైట్, దానిమీద చదునుగా పరుచుకున్న క్వార్ట్జైట్ (ఇసుకరాయి మారగా వచ్చిన శిల) పొరలు. రెంటి మధ్య గీతలాంటి సరిహద్దు పదుల కోట్ల ఏళ్ల విరామాన్ని సూచిస్తుంది. ఆ వ్యవధిలో గ్రానైట్ పైకి లేచి, దానిమీది మందమంతా అరిగి, చదునై, తర్వాత నీటి కిందికి వెళ్లింది. ఇలాంటి సరిహద్దును విషమవిన్యాసం అంటారు. 1788లో స్కాట్లండ్ తీరాన సికార్ పాయింట్ దగ్గర ఇటువంటిదే చూసి జేమ్స్ హటన్ భూమి వయసు బైబిల్ లెక్కల కన్నా ఎంతో ఎక్కువని నిర్ధారించుకున్నాడు. ఆధునిక భూగర్భశాస్త్రానికి అది పునాది. తిరుమల కొండ మీది శిలాతోరణం కూడా ఈ క్వార్ట్జైట్ పొరల్లో మెత్తనివి అరిగిపోగా మిగిలిన కమానే. గండికోట దగ్గర పెన్నా నది కోసిన లోయలో అదే హరివాణపు క్వార్ట్జైట్ పొరలు నిట్టనిలువు గోడలై నిలిచాయి.

ఈ హరివాణంలో జీవం పాత్ర కూడా ఉంది. వేంపల్లె డోలమైట్ శిలల్లో గోపురాల్లా, ఉల్లిపొరల్లా కనిపించే స్ట్రోమటోలైట్లు సూక్ష్మజీవుల చాపలు ఒకదానిమీద ఒకటి పెరిగినప్పుడు ఏర్పడ్డాయి. అప్పటికి మొక్క లేదు, జంతువు లేదు. పులివెందుల దగ్గర ఈ డోలమైట్‌లోకి చొచ్చుకొచ్చిన వేడి ద్రవం తగిలినచోట రాయి ఆస్‌బెస్టాస్‌గా మారింది. ఇలా ద్రవం అంచున మాత్రమే జరిగేది స్పర్శ రూపాంతరం.

కర్నూలు, నంద్యాల, పల్నాడు ప్రాంతాల సున్నపురాయి వేంపల్లె డోలమైట్ కన్నా తర్వాతి కాలానిది. బేతంచెర్ల బండలు, కడప బండలు, సిమెంటు కర్మాగారాలు, అమరావతి స్తూప శిల్పాలు దాని పుణ్యమే. తాండూరు, షాబాద్ బండలు పక్కనున్న భీమా హరివాణానివి. సున్నపురాయి పలుచటి ఆమ్లానికి కరుగుతుంది. భూగర్భజలం పగుళ్ల వెంట దాన్ని తినేయగా బెలుం గుహలు మూడు కిలోమీటర్లకు పైగా తొలుచుకుపోయాయి.

రూపాంతరం

కడప హరివాణం పడమటి భాగంలో పొరలు దాదాపు పడినవి పడినట్టే ఉన్నాయి. తూర్పున నల్లమలలో అవే పొరలు మడతలు పడి, ఒకదానిమీద ఒకటి తోసుకొచ్చి ఉన్నాయి. తూర్పు నుంచి వచ్చిన ఒత్తిడే దానికి కారణం. షేల్‌లోని బంకమట్టి ఆ ఒత్తిడికి సన్నని అభ్రకం రేకులుగా మారింది, రేకులన్నీ ఒత్తిడికి అడ్డంగా ఒకే వైపు తిరిగాయి. అందుకే ఆ రాయిని ఉలితో తట్టితే పలుచని పలకలుగా విడిపోతుంది. మార్కాపురం పలకరాయి అలా పుట్టిందే. తెలుగు పిల్లలు తరతరాలుగా అక్షరాలు దిద్దింది దానిమీదే.

వేడి, ఒత్తిడి ఇంకా పెరిగితే మార్పు ఇంకా లోతుగా ఉంటుంది. భూమిలోకి దిగేకొద్దీ కిలోమీటరుకు సుమారు 25–30 డిగ్రీల సెల్సియస్ వేడి పెరుగుతుంది. కాల్సైట్ స్ఫటికాలు పెద్దవై సున్నపురాయి చలువరాయి అవుతుంది, ఇసుకరాయి క్వార్ట్జైట్ అవుతుంది. బురద నుంచి వచ్చిన షేల్ మాత్రం మెట్టు మెట్టుకూ కొత్త ఖనిజాలు తొడుక్కుంటుంది: పలకరాయి, తర్వాత అభ్రకపు షిస్టు, తర్వాత నైస్. ఏ ఖనిజం ఉందో చూస్తే ఆ శిల ఎంత వేడి, ఎంత లోతు చూసిందో తెలుస్తుంది.

ఆ మెట్లలో దాదాపు చివరిది తూర్పు కనుమల్లో ఉంది. విశాఖపట్నం, సింహాచలం కొండలు ఖొండలైట్ అనే శిలతో ఏర్పడ్డాయి. ఆ కొండల్లో నివసించే ఖోండు గిరిజనుల పేరుతో టి.ఎల్. వాకర్ 1902లో దానికి ఈ పేరు పెట్టాడు. గార్నెట్, సిలిమనైట్, గ్రాఫైట్ ఉన్న ఈ రాయి ఒకప్పుడు సముద్రపు బురద. అందులోని సేంద్రియ కర్బనమే గ్రాఫైట్ అయింది. సుమారు 100 కోట్ల ఏళ్ల కిందట అది 900 డిగ్రీలు దాటిన వేడిని చూసింది. తూర్పు కనుమల్లోనే ఉన్న చార్నొకైట్‌కు పేరు వచ్చిన తీరు ప్రసిద్ధం: కలకత్తాలోని జాబ్ చార్నాక్ అనే ఆంగ్లేయుడి సమాధిరాయి మద్రాసు దగ్గరి ఈ రాయేనని థామస్ హాలండ్ 1893లో గుర్తించి దానికి అతని పేరే పెట్టాడు. ఇవే శిలలు, ఇదే వయసుతో తూర్పు అంటార్కిటికాలో ఉన్నాయి. అప్పట్లో ఆ రెండు భూభాగాలూ కలిసి ఉండేవి. అరకు దగ్గరి బొర్రా గుహలు కూడా ఈ రూపాంతరంలో చలువరాయిగా మారిన సున్నపురాతిని గోస్తనీ నీరు తొలిచినవే.

వేడి ఇంకా పెరిగితే శిల కొంత కొంతగా కరగడం మొదలవుతుంది. నీరున్న గ్రానైట్ పదార్థానికి సుమారు 650–700 డిగ్రీలు చాలు. చారలు, మెలికలతో కరిగీ కరగనట్టుండే మిగ్మటైట్ శిలలు తూర్పు కనుమల్లో విస్తారం. రూపాంతర శిల, అగ్నిశిల అనే గీత అక్కడ చెరిగిపోతుంది.

లోపలి నుంచి వచ్చినవి

పటలం తనలో తానే మార్పు చెందుతూ ఉంటే, దాని కిందున్న ప్రావారం నుంచి అప్పుడప్పుడు కొత్త సరుకు వస్తుంది. సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందట దక్కన్‌లో పగుళ్ల నుంచి పొంగిన బసాల్ట్ లావా ఇప్పటికీ దాదాపు 5 లక్షల చదరపు కిలోమీటర్ల మేర మిగిలి ఉంది. 1,100 డిగ్రీలు దాటిన వేడి, తక్కువ సిలికా వల్ల అది పలుచగా పారి పొర మీద పొరగా పేరుకుంది. ఆదిలాబాద్, వికారాబాద్ వైపు కనిపించేది దాని తూర్పు అంచు. రాజమహేంద్రవరం దగ్గరా అదే కాలపు బసాల్ట్ ఉంది. లావా నదీ లోయల వెంట పశ్చిమం నుంచి సుమారు వెయ్యి కిలోమీటర్లు పారి వచ్చిందని పరిశోధకుల అభిప్రాయం. అక్కడ రెండు లావా పొరల మధ్య సముద్రజీవుల శిలాజాలున్న సున్నపురాయి ఉంది. లావా ఆగిన వ్యవధిలో సముద్రం లోపలికి వచ్చిందనడానికి అదే సాక్ష్యం.

ఇంకా లోతు నుంచి వచ్చింది కింబర్లైట్. 150 కిలోమీటర్లకు కింద పుట్టిన ఈ ద్రవం వేగంగా పైకి దూసుకొస్తూ అక్కడి వజ్రాలను మోసుకొస్తుంది. అనంతపురం జిల్లా వజ్రకరూరు కింబర్లైట్లు సుమారు 110 కోట్ల ఏళ్లవి. వజ్రాలు తర్వాత కర్నూలు ప్రాంతపు బనగానపల్లె గులకరాతి పొరల్లోనూ, కృష్ణా తీరపు గులకల్లోనూ దొరికాయి. తల్లిశిల అరిగినా వజ్రం అరగదు కాబట్టి ఒక దశ నుంచి మరో దశకు చేతులు మారుతూ పోతుంది. తొలకరి వానలకు తుగ్గలి, జొన్నగిరి పొలాల్లో జనం వజ్రాల కోసం వెతికేది నీరు పైమట్టిని కడిగి గులకలను బయటపెడుతుందనే.

బొగ్గు

బొగ్గు కూడా అవక్షేప శిలే, అయితే అందులో పేరుకున్నది మొక్కల పదార్థం. పెర్మియన్ యుగంలో, 25 కోట్ల ఏళ్లకు పూర్వం, గోదావరి లోయ కుంగుతున్న పగులు పల్లం. అంతకుముందు అక్కడ హిమానీనదాలు ఉండేవి. అవి వదిలిన గుండ్లు బొగ్గు కింది పొరల్లో ఇప్పటికీ ఉన్నాయి. వాతావరణం వెచ్చబడ్డాక గ్లోసోప్టెరిస్ అనే చెట్ల అడవులు పెరిగి, చిత్తడిలో గాలి తగలక కుళ్లకుండా పూడుకుపోయాయి. పైనున్న ఇసుకరాళ్ల బరువుకు, వేడికి నీరు, వాయువులు పోయి కర్బనం మిగిలింది. 1871లో విలియం కింగ్ ఇల్లందు దగ్గర బొగ్గును గుర్తించడంతో సింగరేణి చరిత్ర మొదలైంది. ఇదే లోయలోని కోటా శిలల్లో జురాసిక్ డైనోసార్ కోటసారస్ ఎముకలు దొరికాయి.

చక్రాన్ని తిప్పేది

ఈ మార్పులకు రెండు శక్తులు ఆధారం. ఒకటి భూమి లోపలి వేడి. అది కొంత పుట్టుకతో మిగిలినది, కొంత యురేనియం, థోరియం, పొటాషియంల క్షయం వల్ల పుట్టేది. అది పటలాన్ని పలకలుగా కదుపుతుంది. సముద్రపు మధ్య పగుళ్లలో కొత్త బసాల్ట్ పుడుతుంది, అగాధాల దగ్గర పాత సముద్రపు అడుగు మళ్లీ లోపలికి దిగుతుంది. అందువల్లే నేటి మహాసముద్రాల అడుగు దాదాపు ఎక్కడా 20 కోట్ల ఏళ్లు దాటదు, ఖండాల్లో మాత్రం వందల కోట్ల ఏళ్ల శిలలు మిగిలాయి. రెండోది సూర్యుడు. నీటిని ఆవిరి చేసి కొండలమీద కురిపించేది ఆ శక్తే, దాన్ని కిందికి లాగేది గురుత్వాకర్షణ. లోపలి శక్తి ఎత్తితే బయటి శక్తి అరగదీస్తుంది. పైనుంచి బరువు తగ్గినకొద్దీ పటలం తేలుతూ పైకి లేస్తుంది. పాతిక కిలోమీటర్ల లోతు చూసిన ఖొండలైట్ విశాఖ సముద్రతీరాన నిలబడింది ఇలాగే.

శిలాచక్రం అనే మాటను బట్టి అన్ని శిలలూ ఒకే వరుసలో తిరుగుతాయనుకోకూడదు. హైదరాబాదు గ్రానైట్ గట్టిపడ్డాక దాదాపు 250 కోట్ల ఏళ్లుగా గ్రానైట్‌గానే ఉంది. నల్లమల షేల్ పలకరాయి దగ్గరే ఆగింది. ఖొండలైట్ మళ్లీ సముద్రం చేరుతోంది: విశాఖపట్నం–భీమిలి మధ్యనున్న ఎర్రమట్టి దిబ్బల్లో, తీరపు నల్ల ఇసుకలో ఉన్న గార్నెట్, సిలిమనైట్ దాని నుంచి వచ్చినవే. ఆ దిబ్బల ఇసుక ఇంకా చేత్తో తాకితే రాలుతుంది.

గోదావరి, కృష్ణ మోసుకొచ్చిన ఒండ్రులో గ్రానైట్, బసాల్ట్, గోదావరి లోయ ఇసుకరాయి అన్నీ కలిసి ఉన్నాయి. ఆనకట్టల వెనుక మేట వేయడం వల్ల సముద్రం చేరే వాటా గత కొన్ని దశాబ్దాల్లో బాగా తగ్గింది. భారత భూభాగం అంటార్కిటికా నుంచి విడిపోయినప్పుడు ఏర్పడిన కృష్ణా–గోదావరి హరివాణంలో అవక్షేపాల మందం కొన్నిచోట్ల 5 కిలోమీటర్లు మించింది. మూడు నాలుగు కిలోమీటర్ల లోతున వేడి 100 డిగ్రీలు దాటుతుంది. చమురు, సహజవాయువు కోసం వేసే బావుల్లో ఆ లోతు నుంచి పైకి వచ్చే ఇసుక వదులుగా ఉండదు. రేణువుల మధ్య సిలికా, కాల్సైట్ పట్టి అది అప్పటికే ఇసుకరాయి అయిపోయింది. దాని మధ్యనున్న బురద షేల్ అయింది, అందులోని సేంద్రియ పదార్థం చమురుగా, వాయువుగా మారి ఆ ఇసుకరాయి సందుల్లో చేరింది.